కాలువ లైను మీద పులి మేక

ఆడేది ఇద్దరం. అందులో వేలు పెట్టేది మాత్రం లైను మీదున్న వాళ్లందరూ. వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల చివర్లో నేను హుజూర్‌నగర్ వైపు కాలువ మీద, ఒక తూము దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. ఒక గది, ఒక ఫోను, బయట నీటిమట్టం చూసే గేజీ. పొద్దున, సాయంత్రం మట్టం చూసి నందికొండ డ్యాం ఆఫీసుకు చెప్పాలి, వాళ్లు ఎంత ఎత్తమంటే గేటు అంత ఎత్తించాలి. ఆ ఫోను కాలువ పనికోసం వేసింది. నందికొండ నుంచి కట్ట వెంబడి అందరికీ ఒకటే తీగ. పక్కనున్న పిడి తిప్పితే అన్ని తూముల దగ్గరా గంట మోగుతుంది. ఎవరికి ఎన్ని గంటలో ఒక లెక్క ఉండేది, నాకు మూడు పొట్టివి. అయితే ఎవరి గంటకైనా ఎవరైనా ఫోనెత్తి వినొచ్చు. సిగ్గులేకుండా వినేవాళ్లు కూడా. ఆగకుండా తిప్పే పొడవు గంట ఒకటుంది, అది కాలువకు గండి పడినప్పుడే. అది మోగితే తింటున్నవాడు కంచం వదిలి రావాలి.

పై తూము దగ్గర గేట్లు తిప్పే లస్కరు ఒక ముస్లిం పెద్దాయన. అందరికీ ఆయన చాచా. ఒక మధ్యాహ్నం పొద్దుపోక, పులి మేక ఆడదామా అని నన్ను ఫోనులో అడిగాడు. ఎట్లా అంటే, గీతలు కలిసే చోట్లకు అంకెలు వేసుకుంటే సరి అన్నాడు. నేను గచ్చు మీద సుద్దతో పటం గీసి ఇరవై మూడు అంకెలు వేశాను. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. ఆయనా తన గదిలో అట్లాగే గీసుకున్నాడు. పులులు ఎప్పుడూ ఆయనవే, పెద్దవాడు కదా.

వారం తిరగకుండానే సంగతి లైనంతా పాకింది. కింది తూము లస్కరు, నేను అన్నా అని పిలిచే రైతు మనిషి, తన గచ్చు మీదా పటం గీశాడు. నందికొండలో ఫోను దగ్గర కూర్చునే అక్క రిజిస్టరు అట్ట మీద గీసుకుంది. ఇక చూడండి నా తిప్పలు. నేను “మేక తొమ్మిది” అంటానో లేదో, “గాడ పెట్టకు, పులి మింగుతది” అని అన్న. పెట్టనీ, పోతేనే బుద్ధొస్తుందని అక్క. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అని ఊరికే అన్నారా? నా ఎత్తు ఏమిటో నాకంటే ముందు చాచాకు తెలిసిపోయేది. రోజూ ఓడిపోయేవాణ్ని.

దాంతో నాకు మేకల సారు అని పేరు పెట్టారు. పొద్దున మట్టం అడిగేటప్పుడు కూడా అక్క మేకల సారూ అనే పిలిచేది. ఆ పేరు కట్ట దిగి ఊళ్లోకి పోయింది. ఒకాయన నిజంగానే, పండక్కి మేక కావాలి, ధర చెప్పమని నా గదికి వచ్చాడు.

అంతలో దేవరకొండకు బదిలీ అయింది. ఎనిమిది రోజుల గడువు. ఒక్క ఆట, ఒకే ఒక్క ఆట గెలిచి ఆ పేరు అక్కడే కాలువలో పారేసి పోవాలి. లేకపోతే నాకంటే ముందు అది దేవరకొండ చేరుతుంది. మరుసటి రోజు ఆట ఆడేటప్పుడు ఎవరూ ఫోనెత్తడానికి వీల్లేదని అందరి మీదా అరిచాను. కాస్త ఎక్కువే అరిచాను. అన్న, “సరే తియ్, మాకేంది” అని ఫోను పెట్టేశాడు.

మాట నిలబెట్టుకున్నారు. అది నాకు వెంటనే తెలిసింది. లైను మీద ఎంతమంది ఫోనెత్తితే గొంతు అంత సన్నబడుతుంది. ఆ రోజు చాచా గొంతు పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా వచ్చింది. నెమ్మదిగా, ఎవరి గోలా లేకుండా ఆడాను. ఆరు మేకలు పోయాయి గానీ, మిగిలినవాటితో మూడు పులులనూ కదలకుండా కట్టేశాను.

చాచా అన్నాడు. “గెల్చినవ్ బేటా. గని ఎవరికి చెప్తవ్?”

ఏం చేస్తున్నానో తెలియకుండానే పిడి పట్టుకుని తిప్పాను, తిప్పుతూనే ఉన్నాను.

లైనంతా ఫోన్లెత్తింది. అన్న గడ్డపార చేత పట్టుకునే ఎత్తాడట. అందరికంటే ముందు మా పై సెక్షన్ ఆఫీసరు గొంతు, గండి ఎక్కడ పడిందని. “గండి పడలేదు సార్. పులులు కట్టుబడ్డయ్” అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు. ఆయన తిట్టినవి ఇక్కడ రాయలేను. మర్నాడు మెమో వచ్చింది.

మెమో వచ్చినందుకు కాదు నా మంట. ఒక్కరూ నమ్మలేదు! చాచా స్వయంగా చెప్పినా, పోయేవాడని జాలిపడి చెబుతున్నావులే అన్నారు. “మేం ఇననిది గెలుపెట్లయితది?” అని అన్న తేల్చేశాడు. కావాలంటే మళ్లీ ఆడు, వింటాం అన్నారు.

ఆడాను. మొదటి మేక పెట్టకముందే మొదలుపెట్టారు. గొంతులు ఎంత సన్నబడ్డాయంటే నేను కేకలు పెట్టాల్సి వచ్చింది. అన్న మాట ఒకసారి, అక్క మాట ఒకసారి విని, పొద్దు వాలేసరికి చిత్తుగా ఓడిపోయాను. కోపంతో నవ్వుతూ, నవ్వుతూ తిట్టుకుంటూ మేకల సారుగానే దేవరకొండ బస్సెక్కాను.

అక్కడి ఆఫీసుది మామూలు ఫోను, ఆ తీగ మీద ఇంకెవరూ లేరు. రెండు నెలల తర్వాత చాచా ఏదో పని మీద నందికొండ ఆఫీసుకు వచ్చి, అక్కణ్నుంచి ఫోను చేశాడు. ఆడదామా అన్నాడు. కాగితం మీద పటం గీశాను. ఆయన గొంతు ఖణీమని, ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తోంది. నాలుగు మేకలు పెట్టాను. నాలుగింటికీ ఎవరూ ఏమీ అనలేదు.

“మజా లేదు బేటా” అన్నాడు చాచా. లేదన్నాను. ఆట అక్కడే వదిలేసి, అన్న ఎట్లా ఉన్నాడని అడిగాను.