కుడి పక్కన ఏమీ లేదండి

మొన్న నందిగామలో స్కానింగు సెంటరు అమ్మాయి నింపమని ఇచ్చిన కాగితంలో, ఇంతకు ముందు ఏమైనా ఆపరేషన్ జరిగిందా అన్న వరుస దగ్గర నా కలం ఆగిపోయింది. ఎనభైల మొదట్లో ఇదే ఊళ్లో ఒక డాక్టరుగారు ఈ మాటే అడిగితే, మా మేనత్త పక్కన నిలబడిన మామయ్య తడుముకోకుండా లేదని చెప్పాడు.

అప్పట్లో నేను పత్రికకు వార్తలు పంపేవాణ్ణి. జగ్గయ్యపేటలో ఉండే అత్తయ్యకు తెల్లారేసరికి తలనొప్పి, వాంతులు. నడుస్తూ ఒక పక్కకు ఒరిగిపోయేది, ఉప్పు అడగబోయి చీపురు అనేది. ఇంట్లో అందరి కళ్లూ కోడలి మీద పడ్డాయి. వత్సవాయి నుంచి కాపురానికొచ్చి రెండేళ్లయిన ఆ పిల్ల అన్నంలో మందు పెట్టిందని అత్తయ్య తోడికోడలు వీధంతా చెప్పింది.

“ఏం కలిపావో చెప్పవే!” అని ఆవిడ గద్దిస్తే, “ఆ చారే మీరూ రెండుసార్లు పోయించుకున్నారుగా చిన్నత్తయ్యా, మీకేం కాలేదేం?” అంది కోడలు. ఆ జవాబుతో అనుమానం ఇంకా ముదిరింది. ఆమెను పుట్టింటికి పంపేయడానికి పెద్దమనుషులతో మాట్లాడి రోజు కూడా చూసుకున్నారు. దాచడమెందుకు, నేనూ కొంత నమ్మాను.

ఆ రోజు రాకముందే అత్తయ్యను నందిగామ తీసుకెళ్లాం, నేనూ వెంట ఉన్నాను. మామయ్య లేదన్నాక డాక్టరుగారు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసి, మళ్లీ అదే అడిగారు. ఆడమనిషి రవిక జోలికి డాక్టర్లు పోని రోజులవి. అత్తయ్యను పట్టుకుని కూర్చోవడానికి వెంట వచ్చిన కోడలే నోరు విప్పింది.

“ఆపరేషనైందండీ. నీళ్లు పోసేది నేనేగా. కుడి పక్కన ఏమీ లేదండి.”

“గడ్డ తీస్తే అదీ ఆపరేషనేనా?” అని మామయ్య కసిరాడు. అంతకు కొన్నేళ్ల ముందు మామయ్యా అత్తయ్యా చుట్టాలింటికని చెప్పి గుంటూరు వెళ్లొచ్చింది దానికేనని నాకు అప్పుడే తెలిసింది. రొమ్ములో తీసిన జబ్బే తలకు పాకి ఉంటుందని డాక్టరుగారు నెమ్మదిగా చెప్పి మద్రాసుకు రాసిచ్చారు. అక్కడ తలను పొరలు పొరలుగా ఫొటో తీసే కొత్త యంత్రంలో మెదడులో మూడుచోట్ల మచ్చలు కనిపించాయి. అత్తయ్య మరో నాలుగు నెలలు బతికింది.

కోడల్ని పంపలేదు. పొరపాటు పడ్డామని ఆమెతో అన్నవాళ్లూ లేరు. ఈ రోజుల్లో ఆ జబ్బు పేరు బస్సులో కూడా పైకే చెప్పుకుంటున్నారు. అప్పుడు పేరు పలకడానికి భయపడి, మనుషుల్ని అనుమానించడానికి మాత్రం భయపడలేదు మేము. గుంటూరు ఆసుపత్రిలో గడ్డను పరీక్షించి ఇచ్చిన కాగితం కోసం మామయ్య పోయాక నేనే ఇనప్పెట్టె వెతికాను. పొలం దస్తావేజుల నుంచి పెళ్లి శుభలేఖల దాకా అన్నీ ఉన్నాయి. అదొక్కటే లేదు.