శుక్రవారం టీచరు పారేసిన గొడుగులు

ఆవిడ ఆ బడిలో పందొమ్మిదేళ్లుగా రెండో తరగతికే చెబుతోంది. పై తరగతికి మారుస్తామని రెండుసార్లు అడిగారు. "ఏడేళ్లవాళ్లకి కోపం వస్తే పది నిమిషాలుంటుంది. పదేళ్లవాళ్లకి పది రోజులుంటుంది. నన్నిక్కడే ఉండనివ్వండి" అని రెండుసార్లూ తప్పించుకుంది. ఆవిడ అసలు పేరు హాజరుపట్టీ దాటి బయటికి రాదు. పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ, గేటు దగ్గర కాపలా ఉండే అతనికీ ఆవిడ శుక్రవారం టీచరు.

శుక్రవారం ఆఖరి పీరియడు ఆవిడ సొంతం. ఆ గంటలో పుస్తకం తెరవరు. ముప్పై ఒక్కమంది ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని బయటికెళ్లి, ఎవరికైనా పనికొచ్చే పని ఒకటి చేసి రావాలి. మొదట్లో బస్టాండులో డ్రైవర్లకు మంచినీళ్లు ఇచ్చేవాళ్లు. తరవాత ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్లకు పేపరు చదివి వినిపించడం మొదలుపెట్టారు. రెండో తరగతివాళ్లు కూడబలుక్కుని ఒక్క వార్త పూర్తిచేసేసరికి రోగి కోలుకుని ఇంటికి వెళ్లిపోయేవాడు. వృద్ధాశ్రమంలో పాటలు పాడారు. అక్కడ ఒక ముసలాయన, "అమ్మాయ్, వారం వారం అదే పాటా! నాకు చెవుడొచ్చినా బాగుణ్ణు" అన్నాడు. ఆవిడ నవ్వేసి, పై వారానికి పిల్లలకు ఇంకో పాట నేర్పి తీసుకెళ్లింది. ఆయనకు పాటే వద్దేమోనన్న ఆలోచన ఆవిడకు తట్టలేదు.

ఇంట్లో అత్తగారికి మాత్రం ఎప్పుడో తట్టింది. "నీ శుక్రవారాలు తల్చుకుంటే భయమేస్తుందే కోడలా. నిక్షేపంలా ఉన్నవాడు నీ కంటబడ్డా సరే, సాయం పుచ్చుకునేదాకా వదలవు" అనేది. ఆవిడ దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకుంది.

బడి వెనక ఒక సందు ఉంది. శుక్రవారం టీచరు రోజూ దిగే బస్సు ముందు గేటు దగ్గర ఆగుతుంది కాబట్టి ఆ సందుతో ఆవిడకు పనిలేదు. ఆసుపత్రికి అది దగ్గరదారి. అందుకని శుక్రవారం మూడింటికి పిల్లలను వెంటబెట్టుకుని అటు నడిచేది. సందు మలుపులో, బడి ప్రహరీకి ఆనుకుని, ఎప్పుడు చూసినా ఒక కుప్ప కనబడేది. చిరిగిన గోనెసంచులు, తుప్పుపట్టిన ఊచల కట్టలు, నల్లగుడ్డ పేలికలు, పిడులు ఊడిపోయిన గొడుగులు, వాటిమీద ఒక పాత టార్పాలిను. మనిషి అలికిడి మాత్రం ఉండేది కాదు. మూడు నెలలు చూసింది. ఎవరో పారేసి పోయారనుకుంది. వానలు మొదలయ్యేలోగా దాన్ని తీసేయించాలని తీర్మానించుకుంది.

ఆ శుక్రవారం పిల్లలకు చీపుళ్లు, చేతి తొడుగులు, పెద్ద పెద్ద సంచులు ఇచ్చింది. నాలుగింటికి చెత్తలారీ వచ్చేలా ముందే చెప్పి ఉంచింది. "విరిగింది, చిరిగింది, తుప్పుపట్టింది ఏది కనబడినా సంచీలోకే" అని పిల్లలతో రెండుసార్లు అనిపించింది కూడా.

తరగతిలో ఒక పిల్ల ఉంది. గొంతు పక్క బెంచీ దాటదు కాబట్టి అందరూ గుసగుస అని పిలుస్తారు. ఆ పిల్ల ఇల్లు ఆ సందు చివరే. తన వంతు సంచి ఖాళీగానే పట్టుకొచ్చి టీచరు పక్కన నిలబడింది.

"టీచర్, ఇక్కడ తాత కూర్చుంటాడు."

శుక్రవారం టీచరు వంగి ఒక సంచి మూతి బిగిస్తోంది. "కబుర్లు తర్వాత. ముందు పని కానీ" అంది, తలెత్తకుండానే.

గంటలో మలుపు అద్దంలా తయారైంది. పిల్లలు గోడకు సున్నం పూసి, దానిమీద అరచేతులంత పసుపుపచ్చ పూలు వేశారు. నాలుగింటికి లారీ వచ్చింది, సంచులన్నీ ఎక్కాయి, వెళ్లిపోయింది. పేపరాఫీసు నుంచి ఒకతను వచ్చి పూల ముందు అందరినీ నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. శనివారం పొద్దున ఆ ఫొటో అచ్చయింది. కింద 'చిన్న చేతులు, పెద్ద మనసు' అని రాశారు.

అదే పొద్దున తొమ్మిదిన్నరకు ఒక ముసలాయన ఆఫీసు గదిలోకి వచ్చాడు. చేతిలో ఊచలు వంచే శ్రావణం ఒకటి ఉంది. అది రోజూ ఇంటికి తీసుకెళ్తాడు కాబట్టి మిగిలింది.

"అమ్మా, గొడుగులు బాగుచేసేవాణ్ణి. నా సామానెక్కడ?"

పెద్ద టీచరమ్మ శుక్రవారం టీచరును పిలిపించింది. ఆయన ఇద్దరికీ కలిపి చెప్పుకొచ్చాడు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఇళ్ల వెంట తిరిగి పాత గొడుగులు పోగుచేసుకుంటాడట. మిగతా ఆరు రోజులూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటాడట. "ఇరవయ్యేళ్లుగా కూర్చుంటున్నాను. ఒక్కరోజు కూడా చూళ్లేదా తల్లీ?"

ఆవిడ ఆ సందులోకి వచ్చినవన్నీ శుక్రవారాలే.

"ఊచలు పోతే పోయాయి, ఏరుకుంటాను. ఆ కుప్పలో పదకొండు గొడుగులు జనానివి. బాగుచెయ్యమని ఇచ్చినవి."

"విరిగిపోయి ఉన్నాయి కదండీ... చెత్తనుకున్నాం" అంది పెద్ద టీచరమ్మ.

"నాకు విరిగినవే ఇస్తారమ్మా. బాగున్నవి నాకెందుకిస్తారు?"

పెద్ద టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అక్కడ మనిషి ఉంటాడని మాకు తెలిస్తే ముట్టుకునేవాళ్లమా? ఏమ్మా, నీకెవరైనా చెప్పారా?"

"లేదండీ. ఎవరూ చెప్పలేదు" అంది శుక్రవారం టీచరు.

అనేసి పక్కకు చూసింది. హాజరుపట్టీ ఆఫీసులో ఇచ్చి రమ్మని తను పంపిన గుసగుస గుమ్మంలో నిలబడి ఉంది. పట్టీ బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

బదులు కొత్త గొడుగులు ఇప్పిస్తామంటే ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "వాళ్లు కొత్తవి అడగరమ్మా, వాళ్లవి అడుగుతారు. అమ్ముకున్నాడంటారు నన్ను. బడిపిల్లలు ఊడ్చేశారంటే ఎవడన్నా నమ్ముతాడా? మీలో ఒకళ్లొచ్చి, మేమే పారేశాం అని చెప్పండి. అదొక్కటి చాలు."

"చూద్దాం" అంది పెద్ద టీచరమ్మ. ఆయన మెట్లు దిగాక తలుపు వేసి, "ఫొటో పడి ఇంకా పూటన్నా కాలేదు. ఇప్పుడు వీధిలోకెళ్లి చెంపలేసుకుందామా? పసిపిల్లలు, వాళ్ల మనసులేమైపోతాయి? వారం ఆగు, అదే సర్దుకుంటుంది" అంది.

పసిపిల్లల మాట వినబడగానే శుక్రవారం టీచరుకు కాస్త ఊరటగా అనిపించింది. ఆ ఊరట ఎంత నీచమైనదో ఆవిడకు మంగళవారం తెలిసింది.

సోమవారం కాపలా అతను నవ్వుతూ కబురు మోసుకొచ్చాడు. "మేడమ్, సందులో పెద్ద గొడవ. ఒకావిడ గొడుగుల తాత చొక్కా పట్టుకుంది. తాగడానికి అమ్మేశావా అని ఒకటే తిట్లు. పాపం ఆయన టీ తప్ప ఏదీ తాగడు."

మంగళవారం బడి వదిలాక మొదటిసారిగా, శుక్రవారం కాని రోజున, సందులోకి నడిచింది. పసుపుపచ్చ పూల కింద, తుడిచిన నేలమీద ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో శ్రావణం. చుట్టూ ఏమీ లేదు. ఒకాయన ఆగి, "ఏం తాతా, దుకాణం కడిగేశావా, మా గొడుగులు కూడా కడిగేశావా?" అని గట్టిగా నవ్వి వెళ్లిపోయాడు. ముసలాయన శ్రావణం తెరిచి మూశాడు. ఆవిడ మలుపు దాకా వెళ్లకుండానే వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి బస్సెక్కింది.

ఆ రాత్రి కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటే అత్తగారు చూసింది. "ఎవరి కొంప ముంచావే?"

"ఎవరిదీ కాదు."

"అలా అంటే ముంచావన్నమాటే. తిను. తినకపోతే వాళ్ల కొంపేం తేలదు."

గురువారం మధ్యాహ్నం పిల్లలు డబ్బాలు కడుక్కోవడానికి వెళ్లాక గుసగుస ఒక్కతే వెనకబడింది. బల్ల దగ్గరికి వచ్చి చాలాసేపు బల్ల అంచు గీకుతూ నిలబడింది.

"టీచర్, నేను మెల్లిగా చెప్పాను కదా. అందుకే మీకు వినపళ్లేదు."

"ఏంటమ్మా?"

"తాత కూర్చుంటాడని. మా అమ్మ ఎప్పుడూ తిడుతుంది, నోరు తెరిచి చావవే అని. గట్టిగా చెప్పుంటే గొడుగులుండేవి." ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు రోజూ గట్టిగా మాట్లాడ్డం నేర్చుకుంటున్నాను, స్నానాల గదిలో."

అవునమ్మా, ఈసారి గట్టిగా చెప్పు అనేస్తే సరిపోయేది. ఆ పిల్ల నమ్మేది. జీవితమంతా నమ్మేది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చిందని ఆవిడ తరవాత భర్తతో ఒప్పుకుంది.

"వినబడింది" అంది చివరికి. "నువ్వు సరిగ్గానే చెప్పావు. నాకు బాగానే వినబడింది. నేనే ఆగలేదు."

పిల్ల తలెత్తి చూసింది. "మరి ఆఫీసులో ఎవరూ చెప్పలేదన్నారు?"

"అబద్ధమాడాను."

"భయమేసిందా?"

"ఆఁ."

"నాకూ వేస్తుంది" అని, డబ్బా తీసుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తింది.

మధ్యాహ్నం బడి మొదలు కాకముందే శుక్రవారం టీచరు ఆఫీసు గదికి వెళ్లి జరిగింది చెప్పింది. పెద్ద టీచరమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఊరుకోవాల్సిన టైములో ఈ సత్యాలేంటమ్మా? జనం మర్చిపోతున్నారు."

"మన సంగతి మర్చిపోతున్నారండీ. ఆయన్ని ఎవరూ మర్చిపోవట్లేదు."

"బడి పేరెత్తితే ఊరుకోను."

"నా పేరే చెబుతాను."

నాలుగున్నరకు సందులోకి వెళ్లింది. ముసలాయన ఆవిణ్ణి చూసి కూర్చున్నచోటు నుంచి కదలలేదు. "ఏమ్మా, ఇంకేమన్నా మిగిలిందా, ఎత్తుకెళ్లడానికి? ఈ శ్రావణం ఒక్కటే ఉంది."

ఆవిడ చెప్పింది. పిల్ల ముందే చెప్పిందనీ, తను వినిపించుకోలేదనీ, ఆఫీసులో అబద్ధమాడాననీ వరసగా చెప్పింది. క్షమించమని అడిగింది. ఆయన రోడ్డు వైపు చూసి, "అదిగో, నీలం చీరావిడ వస్తోంది. ఆవిడది చెక్కపిడి గొడుగు. అక్కడ నిలబడండి, కూర్చోకండి. కూర్చుంటే చుట్టాలొచ్చారనుకుంటారు" అన్నాడు.

నీలం చీరావిడ చొక్కా పట్టుకున్నావిడే. శుక్రవారం టీచరు ఎదురెళ్లి, "మీ గొడుగు ఈయన అమ్మలేదండీ. నేను చెత్తలో వేయించాను. నేను రెండో తరగతి టీచర్ని" అంది. "చదువు చెప్పేదానివా నువ్వు? నీకెవరు చెప్పాలమ్మా చదువు!" అని నీలం చీరావిడ సందంతా వినబడేలా అడిగింది. తిట్టినంతసేపూ టీచరు నిలబడే ఉంది. చివర్లో నీలం చీరావిడ ముసలాయన వైపు తిరిగి, "మరి ఆ రోజు చెప్పవేం?" అని గొణిగింది.

"చెప్పాను. మీరు నమ్మలేదు" అన్నాడాయన.

శుక్రవారం వచ్చింది. ఆఖరి పీరియడులో పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఇద్దరు ఏడ్చారు. ఒకడు మాత్రం, "లారీ వెనకాల పరిగెడదాం టీచర్" అన్నాడు, వారం కిందట వెళ్లిన లారీని ఉద్దేశించి. మిగతావాళ్లంతా తాతకు సారీ చెబుదాం, ఊచలు ఏరిపెడదాం, టార్పాలిను కడదాం అని లేచి నిలబడ్డారు. చేతులు కూడా పట్టేసుకున్నారు.

"ముందు ఆయన్ని అడగాలి" అంది. పక్క తరగతి టీచరును కాసేపు చూడమని చెప్పి ఒక్కతే వెళ్లింది. ఆ శుక్రవారం ముసలాయన ఇళ్ల వెంట తిరగడానికి వెళ్లలేదు. ఆ మలుపు వదిలిపెట్టి వెళ్లడానికి ధైర్యం చాలలేదన్నాడు. ఆవిడ అడిగింది విని, వచ్చే దారిలో ఏరుకున్న ఊచ సాగదీస్తూ, "వద్దమ్మా" అన్నాడు. "పిల్లలు మంచోళ్లే. కానీ వద్దు."

తరగతికి తిరిగొచ్చి ఆ మాటే చెప్పింది.

"ఎందుకొద్దంట?" అని అడిగారు.

"ఆయనిష్టం."

ముప్పై ఒక్కమందీ నెమ్మదిగా చేతులు వదిలేసుకుని కూర్చున్నారు. గంట కొట్టేదాకా ఆవిడ వాళ్లచేత ఏ పనీ చేయించలేదు.

వచ్చే ఏడు ఆవిణ్ణి నాలుగో తరగతికి మారుస్తున్నారు. ఈసారి తప్పించుకోలేదు. సాయంత్రాలు నాలుగున్నర నుంచి ఆరింటిదాకా సందు మలుపులో నిలబడుతోంది. ఇప్పటికి తొమ్మిదిమందికి చెప్పింది. ముగ్గురు తిట్టారు. ఒకాయన, "పోన్లెండి, దాన్ని పారేద్దామని నేనే ఎప్పట్నుంచో అనుకుంటున్నా" అన్నాడు. ఒకావిడ ఏమీ అనకుండా వెళ్లిపోయింది. టీచరుకు ఆవిడే రోజూ గుర్తొస్తోందట. ఇంకా ఇద్దరు రావాలి. వాళ్ల పేర్లు ముసలాయనకు తెలియవు, చూస్తే గుర్తుపడతాడు. నిన్న వాన పడింది. ఆయన కొత్తగా కట్టుకున్న టార్పాలిను కిందికి జరిగాడు గాని ఆవిణ్ణి రమ్మనలేదు. ఆవిడా అడగలేదు. గోడకు ఆనుకుని, రోడ్డు మీద వచ్చేపోయేవాళ్లను చూస్తూ నిలబడింది.