చిన్ని నడుము కొలతకు చేసిన రింగులు

నాకు దయ్యాల మీద, మహిమల మీద నమ్మకం లేదు. మద్రాసులో బి.ఏ. చదివేటప్పుడు హాస్టల్లో అందరూ భయపడే మూల గదిని అడిగి మరీ తీసుకున్నాను. అక్కడ రెండేళ్ళున్నాను, ఏమీ చూడలేదు. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, ఇప్పుడు రాయబోయేది నేనే చేసిన ఒక పొరపాటు గురించి. దాని తర్వాత జరిగినదాని గురించి.

మాది మైదుకూరుకు మూడు మైళ్ళ దూరంలో ఒక చీనీ, అంటే బత్తాయి, తోట. యుద్ధం రోజుల్లో మా వారు కపిల లాగి నీళ్ళు తోడే రెండు జతల ఎద్దులను అమ్మి, మూతబడిన ఒక నాపరాయి గని నుంచి పాత డీజిల్ ఇంజను కొన్నారు. బావి నీళ్ళు తోడటానికి ఇక అదొక్కటే దిక్కు. చెట్లకు అప్పటికి మూడేళ్ళు. ఆ వేసవి దాటితే కాపుకు వస్తాయి. దాటకపోతే మాకు వేరే ఆధారం లేదు.

చైత్రంలో ఇంజను నిలిచిపోయింది. విప్పి చూస్తే పిస్టను రింగులు మూడూ విరిగి ఉన్నాయి. మద్రాసు కంపెనీకి రాస్తే, యుద్ధం ముగిసేదాకా ఇంగ్లండు నుంచి సరుకు రాదని జవాబు వచ్చింది. మా వారు కర్నూలు వెళ్ళి పాత ఇనుము కొట్లన్నీ నాలుగు రోజులు గాలించారు. ఒక్కటీ దొరకలేదు. చివరికి ఎవరో కడపలో ఖాదర్ సాయబు పేరు చెప్పారట. పోత ఇనుప గొట్టాలను కోసి లేతు మీద రింగులు తీసే ముసలి ఫిట్టరు. మా వారు కర్నూలు నుంచే నాకు ఉత్తరం రాశారు: పిస్టను చుట్టూ దారం పెట్టి కొలత తీసి, బస్సు డ్రైవరు చేతికిచ్చి కడపకు పంపు. ఉజ్జాయింపు కొలత చాలు, సాయబు వచ్చి ఆకురాయితో సరిచేస్తాడు.

ఆ ఉత్తరం అందిన రోజే మా అత్త, మా బిడ్డ చిన్నికి వెండి మొలతాడు చేయించాలని, దాని నడుము కొలత దారం మైదుకూరు కంసాలికి పంపమంది. చిన్నికి అప్పుడు పది నెలలు. రెండు దారాలూ ఒకే ఉండలోవి. రెండు పొట్లాలూ కట్టింది నేనే.

పది రోజులకు మొలతాడు వచ్చింది. కట్టి చూస్తే నాలుగు వేళ్ళు వదులు. మా అత్త నవ్వింది. "వదులైతే ఏమిలే మ్మే, పెరిగే బిడ్డ. మడిచి దారంతో కడదాం తే." మిగిలిన తాడును పక్కన ఉచ్చులా మడిచి కట్టింది.

నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. పొట్లాలు మారిపోయాయి. కడపకు వెళ్ళింది బిడ్డ నడుము కొలత. రింగులు చిన్నవైపోతాయి. ఆకురాయితో తగ్గించవచ్చు గాని ఇనుమును పెంచలేరు. చీనీ ఆకులు అప్పటికే ముడుచుకున్నాయి. అప్పటికి కర్నూలు నుంచి తిరిగొచ్చిన మా వారితో చెప్పలేకపోయాను. 

మరునాడు, పెట్రోలు కరువుతో బొగ్గు గ్యాసు మీద నడిచే బస్సులో ఖాదర్ సాయబు దిగాడు. నేను వసారా స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాను. మొదటి రింగును సిలిండరులో పెట్టాడు. అది సాఫీగా జారి కూర్చుంది. రెండు కొసల మధ్య గోరంత సందు, ఎంత ఉండాలో అంతే. మిగిలిన రెండూ అలాగే కూర్చున్నాయి.

"ఏం మామా, ఆకురాయి పట్టకనే కూర్చున్యాయే!" అన్నారు మా వారు.

"నాకేం తెల్సప్పా. మీరు పంపిన దారమే పట్టి తీసినా. ఇట్ల కూర్చునేది నేను గూడా శానా తక్కువ చూసినా."

"ఈ రకం ఇంజను ముందెప్పుడైనా చూసినావా?"

"యాడ చూసేది? ఈడనే చూస్తాండా."

నేను ఆ దారం అడిగి తీసుకున్నాను. అందరూ భోజనానికి లేచాక పాత రింగు ముక్కలు పక్కకు జరిపి, పిస్టను చుట్టూ పెట్టి చూశాను. కొసలు కలవలేదు. నాలుగు వేళ్ళు తక్కువ. మూడుసార్లు చూశాను. సాయంత్రం ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

జ్యేష్ఠంలో ఒక ఉదయం మా వారు ఇంజనుకు పోసే క్రూడాయిలు పర్మిట్ కోసం ఊళ్ళోకి వెళ్ళారు. ఇంజను నడుస్తోంది. నేను తోట చివర పాదులకు నీళ్ళు మళ్ళిస్తున్నాను. బిడ్డ మా అత్త దగ్గర ఉంది. ఆమె సంగటి దించడానికి లోపలికి వెళ్ళిందట. ఆ కాసేపే.

ఉన్నట్టుండి ఇంజను ఆగిపోయింది.

నాకు మొదట వచ్చిన ఆలోచన: రింగులు పోయాయి, ఆ తప్పు ఇప్పుడు బయటపడుతుంది. అలాగే నిలబడిపోయాను. అప్పుడు ఆ నిశ్శబ్దంలో చిన్ని ఏడుపు వినిపించింది, బావి వైపు నుంచి.

బావి పక్కన గొట్టం నీళ్ళు పడే రాతి తొట్టి ఉంది. దాని గట్టు జానెడెత్తే. బిడ్డ పాకుతూ వచ్చి అందులో పడింది. మొలతాడుకు మడిచి కట్టిన ఉచ్చు గొట్టం బోల్టుకు తగులుకుంది. ముఖం నీళ్ళ పైన ఉంది. ఇంజను నడుస్తూ ఉంటే ఆ గొట్టం నీళ్ళు సరిగ్గా ఆ ముఖం మీదే పడుతుండేవి. ఆ మోతలో ఏడుపు నాకు వినపడేది కాదు.

మొలతాడు సంగతి నాకు అర్థమవుతుంది. నా పొరపాటు వల్ల అది వదులైంది, వదులు కాబట్టి తగులుకుంది. ఇంజను ఎందుకు ఆగిందో అర్థం కాలేదు. ట్యాంకులో సగానికి పైగా నూనె ఉంది. మా వారు తిరిగొచ్చి చక్రం ఒక్కసారి తిప్పగానే అందుకుంది. నూనెలో గాలి చేరి ఉంటుందన్నారు. గాలి చేరితే నూనె గొట్టం విప్పి గాలి తీయందే ఆ ఇంజను అందుకోదని నాకు నేర్పింది ఆయనే. ఆ మాట గుర్తుచేస్తే ట్యాంకు మూత బిగించి ఇంట్లోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత అది అలా ఎప్పుడూ ఆగలేదు.

ఇప్పుడు యుద్ధం ముగిసింది. చిన్నికి నాలుగో ఏడు. తోట కాపుకు వచ్చింది. రింగులు అరిగి ఇంజను నల్లటి పొగ వదులుతోంది. మా వారు మద్రాసుకు రాసి కొత్త రింగులు పంపమన్నారు. కంపెనీ రింగులు, అసలు కొలతవి. అవి వేస్తే చిన్ని కొలతవి తీసి పారేయాలి.

ఆ పార్సెలు వచ్చి పన్నెండు రోజులైంది. పోస్టుమాను నా చేతికే ఇచ్చాడు. చిన్ని పాత గౌన్ల కింద, ట్రంకులో పెట్టాను. ఇంకా రాలేదని మా వారు రోజూ విసుక్కుంటున్నారు. ఇందాక పడుకోబోతూ, రేపు కంపెనీకి మళ్ళీ ఉత్తరం రాస్తానన్నారు.

చిన్ని నా పక్కనే నిద్రపోతోంది. రెండుసార్లు లేచి ట్రంకు తెరిచాను. రెండుసార్లూ మూసేశాను.