ఆయమ్మ నడక

కూడలి చుట్టూ ఇళ్లు పుట్టగొడుగుల్లా లేచాక రోడ్డు వెడల్పు చేసి, సిగ్నల్ పెట్టారు. "ఇక పిల్లల్ని మీరు దాటించక్కర్లేదు, లైటే దాటిస్తుంది" అని ఇంజనీరు మా బడి ఆయమ్మకు చెప్పాడు. పిల్లల్ని దాటిస్తూనే జుట్టు నెరిసిన మనిషికి చెప్పే మాటా అది!

మర్నాడు ఆయన కళ్లెదుటే, నడిచేవాళ్లకు పచ్చలైటు పడగానే ఆయమ్మ ఒకటో తరగతి పిల్లలతో రోడ్డు మీదికి దిగింది. సగం దాటేసరికి లైటు మారింది. చెవులు చిల్లులు పడేలా హారన్లు మోగాయి. ఆవిడ కొంగు నడుముకు బిగించి, లారీకి అడ్డంగా చెయ్యి చాచి నిలబడింది.

ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. "కాస్త గబగబా నడవండమ్మా!"

"నేను నడిచేది నా కాళ్లతో కాదు నాయనా, వీళ్ల కాళ్లతో. ఆ లైటు వీళ్లను చూసి పెట్టావా, లారీలను చూసి పెట్టావా?" అంటూ అందరికంటే చిన్నపిల్ల చెయ్యి ఆయన చేతిలో పెట్టింది. "నువ్వే దాటించు, చూస్తాను."

మిగతా పిల్లలతో ఆవిడ అవతలికి చేరింది. చిన్నది నాలుగడుగులు వేసి, ఊడిన బూటు తొడుక్కోవడానికి నడిరోడ్డు మీద తాపీగా చతికిలబడింది. లారీవాడు మళ్లీ హారన్ కొట్టాడు.

ఇంజనీరుకు ఒళ్లు మండింది. లారీకి అడ్డంగా తనే చెయ్యి చాచి అరిచాడు: "ఏం, కళ్లు నెత్తికెక్కాయా? పిల్ల బూటు తొడుక్కుంటోంది, కనబడటం లేదా?"