గల్లాపెట్టె పక్కన కత్తెర

భీమవరంలో మీనాకుమారిగారి ఫ్యాన్సీ కొట్లో గల్లాపెట్టెకి ఓ కత్తెర తాడుతో వేలాడుతూ ఉంటుంది. క్రికెటర్ల కార్డుల ప్యాకెట్ ఎవరడిగినా ఆవిడ అంచు కత్తిరించి, నోటితో ఉఫ్‌మని ఊది, అప్పుడు చేతికిస్తారు. పోయినేడు ఉదయ్‌భాస్కర్ అనే కుర్రాడు కార్డుల పెట్టె మొత్తం కొనుక్కుపోయి, సీలు విప్పకుండా ఫోన్లో మూడింతలకి అమ్ముకున్నాడు. కార్డులు పోగేసుకునే కాలేజీ పిల్లలు ఉత్తచేతులతో తిరిగెళ్ళారు. అప్పట్నుంచీ ఈ కత్తెర.

మొన్న కొత్త పెట్టె రాగానే అతను మళ్ళీ దిగాడు. "మొత్తం ఇచ్చేయండి ఆంటీ, మీకూ రెట్టింపిస్తాను." కొట్టు అద్దె గుర్తొచ్చినా ఆవిడ కత్తెర చేతిలోకి తీసుకున్నారు. "తీసుకో బాబూ, కానీ కత్తిరించే ఇస్తాను." "విప్పి, లోపలేముందో తెలిసిపోయాక ఎవరు కొంటారండీ? మీరు చేసేదీ వ్యాపారమేగా!" "వ్యాపారమేనయ్యా. నేను కావలసినవాళ్ళకి అమ్ముతాను. నువ్వు వాళ్ళకి దొరక్కుండా చేసి అమ్ముతావు." వెనక కార్డుల కోసం నిలబడ్డ కాలేజీ పిల్ల సాయిసుధ కిసుక్కున నవ్వింది. "ఒక్కటి కొని చూడండన్నయ్యా, కరవదు!" రోషంకొద్దీ ఒకటి కొన్నాడు. ఆవిడ కత్తిరించారు. అయిదు కార్డులు అరచేతిలోకి జారాయి. ఒక్కోటీ వెనక్కి తిప్పి చదువుతూ, "రెండేళ్ళయిందండీ, నాకోసం ఒకటి సీలు విప్పుకుని" అన్నాడు మెల్లగా. సాయిసుధ తొంగిచూసింది. "ఆ ఎడంచేతి బౌలర్ నాకు లేడు. ఎంతకిస్తారు?" అతను ధర చెప్పబోయి, కార్డుని ఇంకోసారి తిప్పి చూసుకున్నాడు. "డబ్బెందుకమ్మా! నీ దగ్గర రెండేసి ఉన్నవాటిలో ఒకటియ్యి." మార్చుకున్న కార్డుని జేబులో జాగ్రత్తగా పెట్టుకుని, గల్లాపెట్టె వైపు తిరిగాడు. "ఇంకొక్కటి కత్తిరించండి ఆంటీ."