అక్క కనకాంబరం, నా మల్లె

అక్క మా ఇంటికి వచ్చినరోజు ఆమె చేతిలో ఒక బట్టల సంచీ, బావగారి చేతిలో ఒక కనకాంబరం కుండీ ఉన్నాయి. దసరా వెళ్ళి వారమైంది. అక్కకు కిడ్నీలు పాడయ్యాయని, వారానికి మూడుసార్లు డయాలసిస్ తప్పదని డాక్టర్లు తేల్చేశారు. వాళ్ళది నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊరు. బావగారిది ఎండుచేపల వ్యాపారం. అక్కడి నుంచి వారానికి మూడుసార్లు బెజవాడ వచ్చిపోవడం ఒంట్లో బాగున్నవాళ్ళకే కష్టం. భవానీపురంలో మేముండే వాటా నుంచి ఆసుపత్రికి ఆటోలో పావుగంట.

"నా దగ్గరే ఉంటుంది లెండి బావగారూ," అన్నాను. ఆయన తలూపి, కుండీని ఎక్కడ పెట్టాలని అడిగారు.

మా డాబా మీద అప్పటికే సిమెంటు తొట్టిలో ఒక మల్లె ఉంది. నేను పెట్టి మూడేళ్ళయినా ఆకులే తప్ప పూలు పెద్దగా లేవు. అక్క మర్నాడు మెట్లు మెల్లగా ఎక్కివచ్చి, మట్టిలో వేలు గుచ్చి చూసింది.

"రోజూ పోస్తున్నావా నీళ్ళు?"

"రెండు పూటలా."

"అందుకే ఇలా ఏపుగా పెరిగి ఊరుకుంది. మల్లెని ఎండగట్టాలే. కనకాంబరానికేమో ఒక్క పూట తప్పినా తల వాల్చేస్తుంది. రెంటినీ ఒక్కలాగా చూస్తే ఎలా?"

తన కుండీని నీళ్ళ ట్యాంకు పక్కన, పొద్దుటెండ తగిలి మధ్యాహ్నం నీడ పడేచోట పెట్టించింది. మల్లె తొట్టిని మా ఆయన చేత నడి డాబా మీదికి, పూర్తి ఎండలోకి జరిపించింది. వాళ్ళ ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పు. అవి పోస్తే కనకాంబరం ఆకుల అంచులు మాడిపోయేవట. తాగడానికి కొనుక్కున్న డబ్బా నీళ్ళలోంచి రోజూ ఒక చెంబు దానికి తీసేదాన్నని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం వినిపించింది.

ఆమె తాగే నీళ్ళకి మాత్రం డాక్టర్ల లెక్క వచ్చిపడింది. టీ, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్ళు అన్నీ కలిపి రోజుకి ముప్పావు లీటరు. పొద్దున్నే ఒక సీసాలో పట్టి బల్ల మీద పెట్టేదాన్ని. సాయంత్రం దాకా దాన్ని సర్దుకునేది.

డిసెంబరులో మల్లెకి నీళ్ళు పూర్తిగా ఆపించింది. రెండు వారాలయ్యాక కత్తెర నా చేతికిచ్చింది. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసిన ఎడమ చేత్తో ఆమె ఏ బరువు పనీ చెయ్యకూడదు. పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, "ఇంకా కిందకి. ఇంకొంచెం. భయపడకే," అంటూ మోకాలెత్తుకి కొట్టించేసింది. మిగిలిన ఆకులు కుడిచేత్తో తనే దూసేసింది. మొక్క చీపురు పుల్లల్లా మిగిలింది. నాకు జాలేసి, రెండోరోజు ఎవరూ చూడకుండా ఒక మగ్గు నీళ్ళు పోశాను. ఆమె వచ్చి చూసి తడి మట్టి కనిపెట్టేసింది.

"ఎవరే పోసింది?"

"పొరపాటున..."

"దాహమేస్తే చచ్చిపోదే మొక్క. నన్ను చూడు, బతికే ఉన్నానుగా," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సంక్రాంతి వెళ్ళాక పశువుల ఎరువు వేయించి, నీళ్ళు మొదలుపెట్టమంది. ఫిబ్రవరి చివరికి మల్లె నిండా మొగ్గలు. అంతవరకూ మా డాబా మీద నేనెప్పుడూ చూడనన్ని పూలు. కనకాంబరం సరేసరి, ఏడాది పొడుగునా పూస్తూనే ఉంటుంది. వాసనుండదు గాని రంగు కళ్ళని లాగేస్తుంది. పూత అయిపోయిన కంకుల్ని అక్క గోటితో గిల్లేసేది. సాయంత్రాలు రెంటినీ కలిపి అరటినారతో మాల కట్టేది. మర్నాడు ఇబ్రహీంపట్నంలో మా ఆఫీసుకి పెట్టుకెళితే అందరూ ఎక్కడ కొన్నారండీ అని అడిగేవాళ్ళు.

ఒకరోజు ఎండిన కనకాంబరం కాయ ఒకటి గిల్లి నాలుక మీద పెట్టుకుంది. చిన్నప్పుడు మా ఆట అది. తడి తగలగానే కాయ ఫట్‌మని పగిలి గింజలు ఎగిరిపడేవి. ఇద్దరం కిందామీదా పడి నవ్వేవాళ్ళం. ఆరోజు చాలాసేపు చూశాం. కాయ పగల్లేదు. ఆమె దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని, "నోట్లో తడే లేదే నాకు," అంది, వేరే ఎవరి సంగతో చెప్తున్నట్టు.

ఏప్రిల్లో ఎండలు ముదిరాయి. ఒకరోజు ఒంటిపూట సెలవు పెట్టి ఇంటికొచ్చాను. గదిలో అక్క లేదు. డాబా మీదికెళ్ళాను. ట్యాంకు నీడలో, కనకాంబరం పక్కన గోడకి ఆనుకుని కూర్చుని, మొక్కలకి పెట్టే పైపు నోట్లో పెట్టుకుని తాగుతోంది. కళ్ళు మూసుకుని ఉంది. నీళ్ళు గడ్డం మీంచి జారి చీర తడిసిపోతోంది.

"చచ్చిపోవాలని ఉందా నీకు? చచ్చి నా నెత్తిన నింద వెయ్యాలనా?" అని అరిచాను. పక్క డాబా మీద బట్టలారేస్తున్నావిడ తిరిగి చూసింది.

అక్క పైపు వదిలేసింది. కొంగుతో మూతి తుడుచుకుంటూ, "రెండు గుటకలేనే," అంది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ చనిపోతే నాకు జడలు వేసి బడికి పంపిన మనిషి.

ఆ సాయంత్రం డాబా తలుపుకి తాళం వేసి, తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. మొక్కలకి నేనే పోసేదాన్ని. ఆమె తాళం సంగతి ఎత్తలేదు. రోజూ నేను కిందికి దిగగానే, "మొక్కకి పోశావా?" అని మాత్రం అడిగేది.

పదిహేను రోజుల తర్వాత ఒక తెల్లవారుజామున అక్కకి ఆయాసం వచ్చింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. నేను డాక్టరుగారిని పక్కకి పిలిచి, పైపు నీళ్ళ సంగతి చెప్పి, దానివల్లేనా అని అడిగాను. "కాదమ్మా. గుండె బలహీనపడిపోయింది. అప్పటి నీళ్ళకీ దీనికీ సంబంధం లేదు," అన్నారాయన. నేను అరిచిన అరుపుకి మందేమిటో ఆయన్ని అడగలేకపోయాను.

నాలుగో రోజు, ముఖం మీది మాస్కు కాస్త జరిపి, "మొక్కకి పోశావా?" అంది.

"పోశానక్కా," అన్నాను.

పొయ్యలేదు. నాలుగు రోజులుగా డాబా ఎక్కలేదు. ఆ సాయంత్రం స్నానానికి ఇంటికెళ్ళినప్పుడు కూడా ఎక్కలేదు. తాళంచెవి బ్యాగులోనే ఉంది. మెట్ల దాకా వెళ్ళి, ఆ ట్యాంకు నీడని చూడలేక వెనక్కి వచ్చేశాను. తర్వాతి రోజుల్లో ఆమె ఇంకేమీ అడగలేదు.

వాళ్ళ ఊళ్ళో అక్క చిన్నకర్మ అయ్యాక తిరిగొచ్చి డాబా తలుపు తీశాను. కనకాంబరం ఆకులు ముట్టుకుంటే పొడైపోయాయి. వారం రోజులు పూటపూటా నీళ్ళు పోశాను. వేరు కూడా అప్పటికే చచ్చిపోయింది. మల్లె ఆకు రాల్చింది గాని గోటితో గీరితే కొమ్మ లోపల పచ్చగా ఉంది. కోసేవాళ్ళు లేక పూలు చెట్టు మీదే ఎర్రబడి ఎండిపోయాయి. రెండు బిందెలు పోస్తే తేరుకుంది. తేరుకున్నందుకు దాని మీద కోపం వచ్చింది.

జూన్లో నర్సరీ నుంచి ఇంకో కనకాంబరం తెచ్చాను. భయంకొద్దీ నీళ్ళు ఎక్కువ పోశానేమో, వేరు కుళ్ళిపోయింది. దానికి తడి ఉండాలి గాని నీళ్ళు నిలవకూడదు. అక్క ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో.

అక్క పోయి రెండు నెలలు దాటాక ఆమె బట్టల కోసం బావగారు వచ్చారు. అన్నం వడ్డించాను. ఆయన తింటూ ఉంటే ఆగలేక అంతా చెప్పేశాను, పైపు, అరుపు, తాళం, నేను ఆడిన అబద్ధం.

ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. "నేనూ అరిచానమ్మా, ఊళ్ళో ఉన్నప్పుడు," అన్నారు. "చేతిలో చెంబు లాక్కున్నాను. కోడలి ముందు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు."

ఆయన అన్నం సగంలో చెయ్యి కడుక్కున్నారు. బట్టలు సంచీలో సర్దుతూ, ఒక నీలం నేతచీర తీసి మంచం మీద పెట్టి, "ఇది నువ్వుంచుకో," అన్నారు. మూడున్నర బస్సుకి వెళ్ళిపోయారు. ఆ చీర నేనింకా మడత విప్పలేదు.