గేదెల మొక్కజొన్న, గైడు గారి కూర

నేను చేసే పరిశోధన ఏమిటని ఎవరైనా అడిగితే మా పెద్దమ్మ, "బూజుకి బూజుని మేత వేస్తుందండి" అని చెప్పేది. ఒళ్లు మండేది గానీ అంతకంటే బాగా నేనూ చెప్పలేను. తడిసిన మొక్కజొన్నకి పచ్చబూజు పట్టి గింజలో విషం వదులుతుంది. అది కడిగినా పోదు, ఉడికించినా పోదు. అదే గింజల్లో ముత్యపుచిప్ప పుట్టగొడుగుని పెంచితే దాని తెల్లటి బూజు ఆ విషాన్ని విరిచేస్తుంది. ఎంత విరుస్తుంది, ఎంత మిగులుస్తుంది అన్నదే నా పని.

ఆ ఏడు కొవ్వూరు దగ్గర మా ఊళ్లో కోతల వేళ వాన పడి నాన్న మొక్కజొన్నంతా కళ్లంలోనే తడిసింది. కొనేవాడు లేడు. గేదెలకైనా పెడదామని నాన్న, పెడితే ఆ విషం పాలల్లోకి దిగుతుందని, గేదెలకీ ముప్పేనని నేను. చివరికి కొంత గింజ ఆవిరికి ఉడికించి, పుట్టగొడుగు విత్తనం కలిపి, ప్లాస్టిక్ సంచుల్లో నింపి పశువుల పాకలో వేలాడదీశాను. సంచులు తెల్లగా అల్లుకున్నాక నాన్న రోజూ అడిగేవారు, ఇంక పెట్టొచ్చా అని. టెస్టు చేయించాలనేదాన్ని.

మా గైడు గారికి టెస్టులంటే చిరాకు, ఫొటోలంటే ప్రాణం. తెల్లగా అల్లుకుందంటే విషం పోయినట్టే, గేదెలకి పెట్టించి ఫొటో పంపమ్మా అన్నారు ఫోన్లో. పంపనన్నాను. అయితే నేనే వస్తానని రాజమండ్రి నుంచి ఓ రోజు బస్సు దిగారు.

మా వైపు ఇంటికొచ్చినవాళ్లకి ముందు భోజనం, తర్వాతే పని. బస్టాండు నుంచి నా స్కూటీ మీద తీసుకొచ్చేసరికి పెద్దమ్మ అరిటాకు వేసేసింది. పప్పు, పులుసు, వాటితో మసాలా దట్టించిన పుట్టగొడుగుల కూర. బజారులో కొన్నదే అనుకుని నేనూ కూర్చున్నాను. చాలండి అంటే ఇంకొంచెం వెయ్యమని మా ఇంట్లో లెక్క. ఆయన చాలండి అన్న ప్రతిసారీ పెద్దమ్మ గరిటె ఆ కూర మీదికే వెళ్లింది. ఆయన కూడా ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టలేదు.

చెయ్యి కడుక్కుని పాకలోకి వెళ్లాం. పొద్దున్న సంచులకి గుత్తులుగా వేలాడిన పుట్టగొడుగులు లేవు, మొదళ్లు మిగిలాయి. వెనకే పెద్దమ్మ వచ్చింది.

"వాడిపోతాయని కోశానండి మాస్టారూ. విషాన్ని తినేస్తాయంటుంది కదండీ మా పిల్ల, ఒంటికి మంచిదే కదా అనీ."

నాకు భయం వేసింది, ఉత్తినే అనడం లేదు. ఆ భయంలోనే ఎక్కడలేని సంతోషం కూడా వేసింది.

"గింజలో విషం పుట్టగొడుగులోకి ఎక్కుతుందా అమ్మా?" అన్నారాయన, గొంతు బాగా తగ్గించి.

"టెస్టు చేస్తేగాని తెలియదండి," అన్నాను.

మా భయం తెలియని నాన్న సంతోషంగా గంపతో వచ్చారు. ఒక సంచి అప్పుడే అందులోకి విప్పేశారు. పెద్దలు వచ్చారు కాబట్టి మొదటి దోసెడు వారి చేతుల మీదుగానే పడాలట. గైడు గారు దోసెడు తీసుకున్నారు. గేదె మెడ చాచింది. ఆయన దాని మొహంలోకి చూశారు, తన పొట్ట తడుముకోవాలంటే చేతులు ఖాళీ లేవు. గింజలు మళ్లీ గంపలో పోసేశారు.

"వద్దండి. రిపోర్టు రానివ్వండి."

"మరి ఆ సంచుల్లో పుట్టగొడుగులే తమరు భోంచేశారు కదండీ," అన్నారు నాన్న, అర్థంగాక.

గైడు గారు నేను అడక్కుండానే గింజల శాంపిళ్లు తనే కట్టుకుని, మిగిలిన కూర కూడా డబ్బాలో పెట్టించమన్నారు. పెద్దమ్మ మురిసిపోయి గిన్నె మొత్తం ఊడ్చి పెట్టింది, ఇంట్లో అమ్మగారికి కూడా సరిపోతుందని.

మాకెవరికీ ఏమీ కాలేదు. కూరలో విషం కనబడలేదు. గింజలో తగ్గింది గానీ, పాడిగేదెలకి పెట్టేటంత తగ్గలేదు. రిపోర్టు చదివి వినిపిస్తుంటే నాన్న గేదె వీపు మీద చెయ్యి వేసి నిలబడిపోయారు. గింజంతా గొయ్యి తీసి పూడ్పించారు.

"మాస్టారు తినబట్టి ఆగాంగానీ," అన్నారు, "లేకపోతే పెట్టేసేవాణ్ణే."